బుద్ధుడి కడుపులో

ఉపకులపతి గారికి, ఆచార్యులకు, ఇవాళ పట్టాలు అందుకున్న శిల్పకళా విద్యార్థులకు నమస్కారం. ఆ నల్లగౌన్లలో ఎంత ఉక్కపోస్తోందో నాకు తెలుసు. అంతకన్నా ఉక్కగా ఉండే ఒక చోటి గురించి చెప్పి కూర్చుంటాను.

జపాన్‌లోని కమకురాలో ఆరుబయట కూర్చున్న కంచు అమిదా బుద్ధుడున్నాడు. పోతపని 1252లో మొదలైందంటారు. ఎత్తు 11 మీటర్ల పైన, బరువు 121 టన్నులు. అందరూ ముఖానికి ఫొటోలు తీసుకుంటుంటే నేను పక్కనున్న చిన్న తలుపులోంచి లోపలికి దూరాను. విగ్రహం బోలు. వీపుకున్న కిటికీల్లోంచి వచ్చే వెలుగే వెలుగు. గోడ తడిమితే అతుకులు తగిలాయి. ఒక్కసారిగా పోసింది కాదు, అడుగు నుంచి వరస మీద వరస పోసుకుంటూ పైకి వెళ్లారు. లోపలి అతుకుల్ని దాచాలని ఎవరూ అనుకోలేదు. తలెత్తి చూస్తే మెడ, ఆపైన చీకటి గుంట. బయట జనం దండం పెట్టే ముఖానికి వెనకవైపు అదే. పోతపని చేసేవాణ్ణి కదా, భక్తి కన్నా ముందు అసూయ కలిగింది.

ఆ బోలును శూన్యం అనాలనిపిస్తుంది. శూన్యమంటే ఏమీ లేకపోవడమని మనం వాడేస్తుంటాం. బౌద్ధ దార్శనికుడు నాగార్జునుడు అన్నది వేరు: ఏదీ తనంతట తాను నిలబడదు, పక్కవాటి ఆసరాతోనే ఉంటుంది. కృష్ణ ఒడ్డున కొండకు మనం ఆయన పేరు పెట్టుకున్నాం. జపాన్ బౌద్ధులు ఆయన్ని ర్యూజు అని పిలుచుకుని ఎనిమిది శాఖలకు మూలగురువంటారు. శూన్యానికి వాళ్లు రాసే అక్షరమే ఆకాశానికీ. 1970లో జపాన్ శిల్పి సెకినె నోబువో వెనిస్‌లో అద్దంలా మెరిసే స్టీలు స్తంభం మీద పెద్ద బండరాయి నిలబెట్టి దాన్ని శూన్యావస్థ అన్నాడు. చుట్టుపక్కలవన్నీ తనలో చూపించి స్తంభం మాయమవుతుంది, రాయి గాల్లో మిగులుతుంది.

కమకురా బుద్ధుడికి ఒకప్పుడు గుడి ఉండేది. 1334లో, 1369లో గాలివానలకు దెబ్బతింది, 15వ శతాబ్దం చివర్లో ఉప్పెన ఊడ్చేసిందంటారు. మళ్లీ కట్టలేదు. ఒంటినిండా ఉన్న బంగారు రేకు చెంప దగ్గర కాస్త మిగిలింది. 1923 భూకంపానికి విగ్రహం పీఠం మీద ముందుకు జరిగింది. 1960-61లో మరమ్మతు చేసినవాళ్లు దాన్ని బిగించేయలేదు. పీఠానికీ విగ్రహానికీ మధ్య స్టెయిన్‌లెస్ స్టీలు పలక పరిచారు, మళ్లీ భూమి కదిలితే జారనిమ్మని. జపాన్ లోహశిల్పాల్లో నాకు ఇష్టమైనది ఆ పలకే. అదెవరికీ కనపడదు.

అన్నట్టు, మీ చేతుల్లో ఉన్న గొట్టాలు ఖాళీవట. అసలు పట్టాలు సోమవారం కౌంటర్లో ఇస్తారని రిజిస్ట్రార్ గారు చెప్పమన్నారు.