మన కోళ్లు, మన మేకలు, వాటా లెక్క

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. వార్డెన్‌ని కదా, ఇంకేం అడుగుతారు! నేను కోళ్ల గురించి, మేకల గురించి మాట్లాడతానన్నాను. కార్యదర్శి అన్నయ్య కాసేపు ఫోన్‌లో ఏమీ అనలేదు. తర్వాత "సరేనమ్మా, మీ ఇష్టం" అన్నారు. చదువుకీ మేకలకీ సంబంధం ఏమిటంటే, నా టీచర్ ట్రైనింగ్‌కి కట్టిన మొదటి ఫీజు మూడు మేకపోతుల డబ్బు. ఆ రెండేళ్లూ నాకు బస్సు ఛార్జీలు, సబ్బులు, పుస్తకాలు మా అమ్మ కోళ్లమ్మి పంపింది. కాబట్టి నేను చదువు గురించే మాట్లాడుతున్నాననుకోండి.

మా ఇల్లు పాడేరు పైన కొండల్లో. మెట్ట రెండెకరాలు, గెడ్డ పక్కన అరెకరం పల్లం, కొంచెం కాఫీ. ఒక జత ఎడ్లు, ఒక ఆవు, ఆరేడు మేకలు, ఇరవై దాకా కోళ్లు. ఇక్కడున్న చాలామంది ఇళ్లు ఇలాంటివే. జ్వరమొస్తే కోడిని అమ్ముతాం, పెళ్లికో చావుకో మేకను అమ్ముతాం, ఎద్దును అమ్మే రోజు రాకూడదని కోరుకుంటాం. ఈ వరస ఎవరూ రాసి పెట్టలేదు గానీ అందరికీ తెలుసు.

అమ్మ కోళ్లకు దాణా కొన్నది నేనెప్పుడూ చూడలేదు. తెల్లారి గూడు తీసి గుప్పెడు సామలో చోడి తాలో చల్లేది. మిగతా తిండి అవే వెతుక్కునేవి. పిల్లల కోడికి మాత్రం వేరే లెక్క. పాత కుండలో ఎండుపేడ, గడ్డి కుక్కి, కొంచెం తడిపి, చెదపుట్ట దగ్గర బోర్లించేది. మర్నాడు ఎత్తితే కుండ నిండా చెదలు. చిన్న పిల్లలకు అంతకు మించిన బలం లేదు. పొదగడానికి గంపలో అడుగున బూడిద, పైన గడ్డి, పేలు పట్టకుండా వావిలాకు వేసేది. గుడ్లు పది, పన్నెండుకు మించి పెట్టేది కాదు. కోడి రెక్కల కింద ఎన్ని పడతాయో అన్నే. ఎక్కువ పెడితే అంచున ఉన్నవి చల్లారిపోతాయి. 21 రోజులు. మధ్యలో ఒకసారి చీకట్లో దీపానికి ఎదురుగా గుడ్డు పట్టి చూసేది. నరాలు కనిపిస్తే గంపలోకి, తేటగా ఉంటే పక్కకు.

పెట్టను ఎంచడం కూడా చూసేదాన్ని. ఎక్కువ గుడ్లు పెట్టేదాన్ని కాదు, గద్ద నీడ పడగానే పిల్లల్ని రెక్కల కిందికి తీసుకుని ఎగిరి పొడిచేదాన్ని ఉంచుకునేది. పుంజును సొంత గుంపులోంచి తీసేది కాదు. అవతలి ఊరి బంధువుల ఇంటి నుంచి మార్పిడికి తెచ్చేది. ఒకే రక్తం కలవకూడదని పాఠంలో నేను తర్వాత చదివాను. ఆమె ఏ పాఠమూ చదవలేదు.

ఇప్పుడు వాటా గురించి. చిన్నపిల్లలు కొందరికి ఈ మాట తెలియకపోవచ్చు. మైదానంలో పాలుకు ఇవ్వడం అంటారు. ఒకరి దగ్గర పెట్టలు ఎక్కువున్నాయి, ఇంకొకరి దగ్గర లేవు. ఉన్నవాళ్లు ఒక పెట్టను లేనివాళ్లకు ఇస్తారు. వాళ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతారు. పిల్లలు ఎదిగాక సగం సగం. గద్ద ఎత్తుకుపోయినా, ముంగిస తిన్నా ఆ నష్టం ఇద్దరిదీ. మేకకైతే ఒక ఈతలో పిల్ల నీకు, ఇంకో ఈతలో పిల్ల నాకు, తల్లి మాత్రం ఇచ్చినవాళ్లదే. ఇది మా ఊరి లెక్క. మీ ఊళ్లో కొంచెం వేరుగా ఉండొచ్చు. కొత్తగా వేరు కాపురం పెట్టిన పిల్లకి, మొగుడు పోయిన ఆడదానికి, చేతిలో రూపాయి లేకుండా మంద మొదలయ్యేది ఇలాగే. కాగితం లేదు, వడ్డీ లేదు.

నాకు ఇది చిన్నప్పుడు పేదరికంలా కనిపించేది. ఉద్యోగం వచ్చాక మరీను. "నీ పెట్టల్ని ఊరంతా ఎందుకు పంచుతావే, ఇంట్లోనే ఉంచితే నలభై అవుతాయి కదా" అని అమ్మతో వాదించేదాన్ని.

ఎనిమిదేళ్ల కిందట వేసవి సెలవులకు ఇంటికి వెళ్తూ ఒక సంతలో ఇరవై కోడిపిల్లలు కొన్నాను. ఒక్కోటి అరకిలో దాకా ఉన్నాయి. మంచి రకం, తొందరగా బరువొస్తాయని చెప్పారు. అమ్మకి సాయం చేస్తున్నానని నా సంబరం. ఆ సాయంత్రమే వాటిని అమ్మ గూట్లో కలిపేశాను. అమ్మ అప్పుడు పొలంలో ఉంది.

ఆరో రోజున రెండు పిల్లలు మూలన ముడుచుకున్నాయి. తర్వాత నోరు తెరిచి ఊపిరి లాగడం, తెల్లగా పచ్చగా పారడం, మెడ మెలితిరిగిపోవడం. కొక్కెర తెగులు. పట్నంలో రాణీఖేత్ అంటారు. పది రోజుల్లో నేను తెచ్చిన ఇరవై, అమ్మవి ఇరవై రెండు, అన్నీ పోయి ఒక్క ముసలి పెట్ట మిగిలింది. అంతటితో ఆగితే బాగుండేది. చుట్టుపక్కల మూడిళ్ల కోళ్లు కూడా పోయాయి. అందులో ఒకరు కూతురి పురుడు కోసం దాచుకున్న పుంజులు.

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. పక్కింటి పిన్ని అంది. "చదువుకున్నదానివి, కొత్త కోడిని ఎవరైనా వచ్చిన పూటే గుంపులో కలుపుతారా? పదిహేను రోజులు అవతల గంప కింద ఉంచొద్దా?" ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. ఎందుకంటే కొత్త కోడిని వేరుగా గంప కింద ఉంచడం నేను చిన్నప్పుడు చూసిందే. హాస్టళ్లలో చదువుకుంటూ మర్చిపోయాను.

ఆ ఏడాది మాకు మళ్లీ కోళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పనా? గెడ్డ అవతల గూడెంలో ఉన్న పెద్దమ్మ దగ్గర నుంచి. ఏడాది కిందట అమ్మ ఆమెకు రెండు పెట్టలు వాటాకిచ్చింది. తెగులు గెడ్డ దాటలేదు. ఆ రెండు పెట్టలూ, వాటి పిల్లలూ బతికి ఉన్నాయి. నేను ఎందుకు పంచుతావే అని వాదించానే, అవే. ఒకే గూట్లో నలభై ఉంటే నలభై పోయేవి. నాలుగు గూళ్లలో ఉన్నాయి కాబట్టి విత్తనం మిగిలింది.

ఇంత చెప్పాక, పాత పద్ధతి అంతా గొప్ప, కొత్తది అంతా చెడ్డ అని చప్పట్లు కొట్టించుకోవడం నాకు ఇష్టం లేదు. కొక్కెర తెగులు వచ్చాక దానికి మందు లేదు, ఆకు పసరూ లేదు, ఆసుపత్రిలోనూ లేదు. రాకముందు వేసే టీకా మాత్రమే ఉంది. పట్నంలో నా స్నేహితులు "మాకు ఏ మందూ తగలని నాటుకోడి కావాలి" అని అడుగుతారు. టీకాను కూడా ఆ లెక్కలో వేస్తారు. మన వాళ్లు కొందరు కూడా "మనది సహజ పెంపకం, సూది ఎందుకు" అంటున్నారు. మన పిల్లలకు పోలియో చుక్కలు వేయించలేదా? బరువు పెరగడానికి దాణాలో కలిపే మందు వేరు, తెగులు రాకుండా వేసే చుక్క వేరు. రెండింటినీ ఒక గాటన కట్టకండి.

పిల్ల పుట్టిన వారం రోజుల్లోపు కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క. రెండు నెలలు నిండేలోపు రెక్క దగ్గర చర్మం కింద సూది. సూదికి వారం ముందు నట్టల మందు. మన ఇబ్బంది టీకా ధర కాదు. అది వంద, రెండు వందల కోళ్లకు సరిపడే సీసాల్లో వస్తుంది, మంచులో ఉంచి తేవాలి, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. పన్నెండు కోళ్లున్న ఇల్లు ఒక్కటే ఏం చేస్తుంది? ఊరంతా ఒకే పొద్దున్న చేస్తేనే అవుతుంది. ఇది కూడా ఒక రకం వాటానే. మా ఊళ్లో ఇప్పుడు వేసవికి ముందోసారి, వానలు తగ్గాక ఇంకోసారి చేస్తున్నాం. ముందు రోజు రాత్రి కోళ్లను గూట్లోనే ఉంచుతారు. చీకటి ఉండగానే మొదలుపెట్టి పొద్దెక్కేలోపు ముగిస్తాం. గూడెం నుంచి ఇద్దరు అమ్మాయిలు సూది వేయడం నేర్చుకున్నారు. పశువుల ఆసుపత్రి దాకా మంచు డబ్బాతో వెళ్లేది మా తమ్ముడు. దారిలో ఆగి టీ తాగకూడదని ఒట్టు వేయించుకున్నాం.

వనరాజా, గ్రామప్రియ గురించి అడుగుతారని తెలుసు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమే తయారుచేసిన రకాలవి. గ్రామప్రియ మన పెట్ట కన్నా రెండు మూడు రెట్లు గుడ్లు పెడుతుంది. దాణా పెట్టగలిగితే, గుడ్లు అమ్ముకునే దారి దగ్గర్లో ఉంటే పెంచుకోండి, తప్పేం లేదు. కానీ వాటికి పొదిగే గుణం తక్కువ. ప్రతిసారీ పిల్లల్ని కొనాలి. పొదగని కోడిని వాటాకి ఎలా ఇస్తారు? నాకు తోచిన పెద్ద తేడా ఇదే.

మేకల గురించి రెండు మాటలే. తొలకరి తర్వాత లేత గడ్డి ఆబగా తిని చిటుకు రోగంతో రాత్రికి రాత్రి పడిపోతాయి. ఆ టీకా వానలకు ముందే వేయించాలి. పారుడు రోగానికి ఒకసారి వేయిస్తే మూడేళ్లు కాస్తుంది. వానాకాలం మంచె మీద పడుకోబెట్టండి, తడి నేల మీద కాదు. ఇక మేత. అటవీ హక్కుల చట్టం, 2006లో వచ్చిందే, అందులో పశువుల మేత కూడా ఊరి ఉమ్మడి హక్కుగా రాసి ఉంది. పోడు పట్టాల కోసం అందరం దరఖాస్తు పెట్టాం, మేత కొండ కోసం ఎన్ని గ్రామసభలు పెట్టాయి? ఈ మధ్య కొత్త జీడితోటలకు కంచెలు వేసుకుంటూ పోతున్నాం. తోట వద్దనను. మేకలు వెళ్లే దారి వదిలి వేయండి.

చివరగా మా హాస్టల్ సంగతి. మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయిల్ని అడిగాను, కోడి ఎన్నాళ్లు పొదుగుతుందని. 38 మందిలో ఆరుగురు చెప్పారు. మా మెనూలో గుడ్డు ఉంటుంది. అది వ్యాన్‌లో అట్టల మీద వస్తుంది. మూడో తరగతి నుంచి పిల్లలు ఇంటి దగ్గర ఉండేది దసరాకి, సంక్రాంతికి, వేసవికి. మేం వాళ్లను కాపాడుతున్నామనే అనుకుంటాం, కాపాడుతున్నాం కూడా. కానీ నా చేతులతోనే ఇంకో ఇరవై మందిని నాలాగా తయారుచేస్తున్నానేమో అని భయం వేసింది.

దసరా సెలవులకు లెక్కలు, ఇంగ్లీషుతో పాటు ఇంకో పని ఇచ్చాను. అవ్వనో అమ్మనో అడిగి ఇంట్లో కోళ్ల గురించి రెండు పేజీలు రాసుకు రమ్మన్నాను. ఒకమ్మాయి కోళ్ల రంగుల పేర్లు పదకొండు రాసింది. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల ఇలా. నాకు ఏడే తెలుసు. ఇంకో అమ్మాయి రెండు వరసలే రాసింది. "మా ఇంట్లో కోళ్లు లేవు. తెగులుకు పోయాయి. మళ్లీ ఎవరూ వాటాకి ఇవ్వలేదు."

ఆ నోటుబుక్కు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ పిల్ల ఊళ్లో కోళ్లు లేక కాదు. సంక్రాంతి పందేల కోసం మైదానం నుంచి పుంజులకు బేరగాళ్లు వస్తున్నారు, డబ్బు కనిపిస్తోంది, పెట్టను వేరే ఇంటికి పంపడానికి చెయ్యి రావడం లేదు. నేను అమ్మతో వాదించిన మాటే ఇప్పుడు అందరూ అంటున్నారు.

ఆ సంక్రాంతికి అమ్మ ఒక డేగ పెట్టను ఆ పిల్ల వాళ్లమ్మకి పంపింది. బస్సులో, గంపలో, నా ఒళ్లో పెట్టుకుని నేనే తీసుకెళ్లాను. వాళ్లింట్లో దాన్ని పదిహేను రోజులు వేరుగా ఉంచారు, అడక్కుండానే. మొదటి విడత పదకొండు గుడ్లకు తొమ్మిది పిల్లలు లేచాయి, రెండింటిని గద్ద తీసుకుపోయింది. ఏడింటిలో సగం అంటే మూడా నాలుగా అని ఆ పిల్ల నన్ను అడిగింది. తర్వాతి విడతలో సర్దుకుందాం అన్నాను. మా ఇంట్లోనూ అలాంటి లెక్కే ఉంది. గెడ్డ అవతలి పెద్దమ్మకి ఇంకా మూడు పిల్లలు బాకీ. ఈ కొత్తల పండక్కి ఇచ్చేస్తామని చెప్పాం.