అనేక వ్యాపారముల నిర్వహణము



1934లో వెలసిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడుట చూచిన ఓరుగల్లువారికి ఒక్క ఆధారమునే నమ్ముకొనుడని చెప్పజాలము. మనలో పెక్కురు ఎనుమాముల మార్కెట్టులో అడితియు, జిన్నింగు మిల్లును, ఊరిలో బట్టలకొట్టును ఒక్క చేతిమీదుగా నడపుచున్నారు. ప్రత్తిరాక ముగియకమునుపే మాఘమాసమున మిరప బస్తాలు వచ్చిపడును. పెండ్లిబట్టల గిరాకియు అప్పుడే. అలసటకు మూలము వ్యాపారముల సంఖ్య కాదు, ఈ కాలముల కలయికయని మా యభిప్రాయము. రైతునకు సొమ్ము వెంటనే చెల్లింపవలెను. దూది బేళ్ల సొమ్ము చేతికందుటకు దినములు పట్టును. ఆ నడుమ బట్టలకొట్టు రూకలు అడితికి తరలును. యజమానికి నిద్ర చెడునది అచ్చటనే. కావున ఏ వ్యాపారపు చిట్టా ఆవర్జాలు దానికే యుండవలెను; ఒకదానినుండి వేరొకదానికి తీసినది అప్పుగానే వ్రాయవలెను. కొట్టునకొక బాధ్యుని నియమించి, వానికి పెట్టె యప్పగింపవలెను. కుమారునకు కొట్టిచ్చియు తాళపుచెవుల గుత్తిని మొలనుండి విడువని పెద్దలు ఈ సభలోనే యున్నారు. వారు మమ్ము మన్నింతురుగాక!