నీటికి ముందు మనసు

మన ములకలపల్లి నుంచి భద్రాచలం దాటి వెళ్తే దుమ్ముగూడెం. 19వ శతాబ్దంలో కోయల మధ్య ఆంగ్లికన్ మిషన్ పనిచేసిన చోటు అది. ఆ సంప్రదాయంలో పసిబిడ్డకూ బాప్తిస్మం ఇస్తారు. బిడ్డ తరఫున పెద్దలు మాటిస్తారు. బాప్టిస్టులు మాత్రం మారుమనస్సు పొందినవారినే నీటిలో ముంచుతారు. మారుమనస్సంటే పాపానికి ఏడవడం ఒక్కటే కాదు, నడత మార్చుకోవడం కూడా.

ఒంగోలు సంగతి చూడండి. 1876–78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పేదలకు పని ఇప్పించాడు. బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని. నా దృష్టిలో అది గట్టి నిర్ణయం. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.