బ్యాటరీ జమాఖర్చు
(మన సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసినది. లోపలినుండి పులిహోర వాసన వచ్చుచున్నది. ఈ రెంటి నడుమ ప్రసంగమునకు లేచుట ఎంత సాహసమో మాకు తెలియును. మేము మెట్రిక్యులేషను వరకు చదివి రైల్వేలో గుమాస్తా పని చేయువారమేగాని ఇంజనీరులము కాము. అయితే మన సంఘపు వ్యాను లెక్కలు వ్రాయువారము మేమే కనుక, ఆ వ్యాను బ్యాటరీ మాకు నేర్పిన పాఠమును చెప్పుమని కార్యవర్గము వారు కోరినారు. ఆ పాఠములో మా తప్పు ఒకటి ఉన్నది. దానిని కూడ దాచక చెప్పెదము.

మన కామసముద్రము వారికి కరెంటు మాట క్రొత్త కాదు. 1902లోనే శివసముద్రము జలపాతమునుండి కోలారు బంగారు గనులకు విద్యుత్తు వచ్చినది. మన తాతలు ఆ గనులలో కూలికని చిత్తూరు సీమనుండి వచ్చినవారు. 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడినవి. నేడు మన పిల్లలు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోయి రాత్రికి తిరిగి వచ్చుచున్నారు. స్టేషను ముందు ఒకనాడు ఎడ్లబండ్లు నిలిచిన చోట నేడు కార్లు నిలుచుచున్నవి. కావున బ్యాటరీ సంగతి ఇప్పుడు ఇంటింటి సంగతియే.

పోయిన ఆషాఢ మాసములో మూడు దినములు ముసురు పట్టినది. వ్యాను కదలలేదు. మూడవ రాత్రి రెండు గంటల వేళ మన వీధిలో ఒక ఇల్లాలికి నొప్పులు మొదలైనవి. ఆమెను వ్యానులో పడుకోబెట్టినాము. డ్రైవరు తాళము త్రిప్పినాడు. టిక్కుమన్నది, అంతే. దీపములు పండుటాకువలె ఎఱ్ఱబడి ఆరిపోయినవి. పదిమందిమి చేరి బురదలో తోసినాము. ఎదురు ఎత్తు, బండి కదలలేదు. ముప్పావుగంట గడిచిన తరువాత టమాటా పెట్టెలతో కోలారు మార్కెట్టుకు పోవు చిన్న పికప్ బండి ఒకటి దైవికముగా వచ్చి ఆగినది. దాని బ్యాటరీనుండి వైర్లు వేసి, బండి తీసి, బంగారుపేట చేర్చినాము. ఆసుపత్రి మెట్లు ఎక్కిన పది నిముషములకే ప్రసవమైనది. ఆ బిడ్డ ఇప్పుడు తొమ్మిది నెలలది. ఈ సభలోనే తల్లి ఒడిలో నిద్రపోవుచున్నది.

మరునాడు కార్యవర్గము కూడినది. లోపలి దీపము ఆర్పుట డ్రైవరు మరచినాడని తీర్మానించినాము. "సార్, అన్నీ ఆర్పే తాళమేసినాను, దేవునితోడు" అని ఆ పెద్దాయన అన్నాడు. మేము వినలేదు. క్రొత్త బ్యాటరీ ధరలో సగము, అనగా 2,700 రూపాయలు, నెలకు 900 చొప్పున మూడు నెలలు అతని జీతములో పట్టుకొనవలెనని మా చేతితోనే పుస్తకములో వ్రాసినాము.

వినాయకచవితికి డ్రైవరు తన ఊరికి పోయినాడు. వ్యాను తాళము మా ఇంట ఉన్నది. దీపములన్నియు చూచి, తలుపులు వేసి, తాళము వేసినవారము మేమే. నాలుగు దినములకు అతడు తిరిగి వచ్చి తాళము త్రిప్పగా మరల ఆ టిక్కు శబ్దమే! బ్యాటరీ రెండు నెలల క్రొత్తది. తాళము వేసినది మేము. ఇక నేరము ఎవరిది?

బంగారుపేట మెకానిక్కు ఒకాయన వచ్చి చూచి, "బ్యాటరీ చావలేదు సార్, దీన్నెవరో తాగతా ఉండారు" అన్నాడు. ఆ మాట మా గుమాస్తా బుర్రకు వెంటనే ఎక్కినది. నగదు పెట్టెలో డబ్బు తక్కువైనప్పుడు మేము మూడు ప్రశ్నలు వేసికొందుము. జమ సరిగా వచ్చుచున్నదా? తెలియని ఖర్చు ఏదైన ఉన్నదా? పెట్టెకే చిల్లి పడినదా? బ్యాటరీకి కూడ ఈ మూడే ప్రశ్నలు.

మొదట రోగము బ్యాటరీదేనా అని తెలిసికొనవలెను. హెడ్‌లైట్లు వేసి సెల్ఫు కొట్టి చూడుడు. దీపములు మసకబారి టిక్కుటిక్కుమన్నచో బ్యాటరీ బలహీనమైనది, లేదా టెర్మినల్ బిగువు లేదు. దీపములు ఏమాత్రము తగ్గక వెలుగుచుండి సెల్ఫు తిరుగకున్నచో దోషము సెల్ఫు మోటారులోనో దాని స్విచ్చిలోనో ఉన్నది. సెల్ఫు జోరుగా తిరిగియు ఇంజను అందుకొనకున్నచో బ్యాటరీని నిందించి లాభము లేదు. చమురు సంగతి చూడవలెను.

తరువాత నిల్వ చూడవలెను. కారు బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్కటి రెండు వోల్టుల పైచిలుకు. బండి కొన్ని గంటలు ఊరక నిలిచిన పిమ్మట మీటరు పెట్టినచో 12.6 వోల్టులున్న నిండుకుండ. 12.2 అయిన సగము. 12కు దిగిన దాదాపు ఖాళీ. ఇక జమ. ఇంజను ఆడుచుండగా అదే మీటరు 13.8 మొదలు 14.4 వరకు చూపవలెను. చూపకున్నచో ఆల్టర్నేటరో దాని బెల్టో చెడినదన్నమాట. మా రైల్వేలో పాత పెట్టెల అడుగున చక్రపు ఇరుసునుండి బెల్టుతో తిరుగు డైనమో ఉండెడిది. బెల్టు తెగినదా, కొంతసేపటికి పెట్టెలో దీపములు ఎఱ్ఱబడి ప్రయాణికులు మామీద కేకలు వేసెడివారని మా పెద్ద గుమాస్తాలు చెప్పుదురు. సూత్రము అదే.

మన వ్యానులో జమ సరిగానే ఉన్నది. మిగిలినది దొంగ ఖర్చు. మెకానిక్కు తాళము తీసివేసి, తలుపులు మూసి, నెగటివ్ వైరు విప్పి, దాని నడుమ ఆంపియర్ల మీటరు కలిపినాడు. ఆంపియరులో పదింట ఎనిమిది వంతులు చూపినది. ఒక్కొక్క ఫ్యూజే తీయుచు పోగా, లోపలి దీపముల ఫ్యూజు తీసినంతనే మీటరు సున్నకు పడినది. వెనుక తలుపు వద్ద, స్ట్రెచరు క్రింద ఒక చిన్న 10 వాట్ల బల్బు ఉన్నది. తలుపు మూసినప్పుడు దానిని ఆర్పవలసిన స్విచ్చి రబ్బరు అరిగి, ఒకప్పుడు నొక్కుకొనుచు ఒకప్పుడు నొక్కుకొనక ఉన్నది. తలుపు మూసిన తరువాత లోపల దీపము వెలుగుచున్నదని ఎవరికి తెలియును?

ఆ రాత్రి మేము కాగితము మీద లెక్క వేసినాము. 10 వాట్లను 12 వోల్టులతో భాగించిన 0.83 ఆంపియరు. వ్యాను బ్యాటరీ 60 ఆంపియర్-గంటలది. భాగించిన 72 గంటలు. సరిగా మూడు దినములు! ముసురు పట్టినది కూడ మూడు దినములే. దినదినము బండి తిరుగుచున్నప్పుడు రాత్రి పోయినది పగలు పూడుచుండెను కనుక దొంగ దొరకలేదు. మరియొక వింత: సెల్ఫు 200 ఆంపియర్లు లాగినను మూడు సెకన్లే గదా! ఆ ఖర్చు, ఆ చిన్న బల్బు 12 నిముషములు వెలిగిన ఖర్చుతో సమానము. పెద్ద ఖర్చు అందరికీ కనబడును. కొంప ముంచునది కనబడని చిన్న ఖర్చే.

అయ్యలారా, 1,800 రూపాయలు అప్పటికే పట్టుకొని ఉంటిమి. దీపావళికి ముందే తిరిగి ఇచ్చినాము. అప్పుడు ఆ పెద్దాయన, "డబ్బు కాదు సార్, ఆ పొద్దు నా మాట నమ్మింటే చాలు" అన్నాడు. డబ్బు తిరిగి ఇచ్చుట సులభము. అన్న మాటను తిరిగి తీసికొనుట ఎట్లు? పదిమంది ముందు మోపిన నేరమును పదిమంది ముందే తొలగించవలెను. ఆయన ఈ సభలో వెనుక వరుసలో ఉన్నారు. తప్పు ఆయనది కాదు. మీటరు తెప్పించక తీర్పు చెప్పిన మాది.

ఇక ముందుజాగ్రత్తలు నాలుగు చెప్పి ముగింతుము.

వేసవి సెలవులకు కారుకు తాళము వేసి స్వగ్రామము పోవువారు మనలో చాలమంది. ఏ దోషము లేని కారు కూడ గడియారము, కంప్యూటరు మొదలైనవాటికి కొంత కరెంటు తీసికొనుచుండును. అది 0.05 ఆంపియరే అనుకొన్నను దినమునకు 1.2 ఆంపియర్-గంటలు. 40 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగము పదిహేడు దినములకు పోవును. కనుక పోవునప్పుడు నెగటివ్ వైరు విప్పి పొండు; లేదా నమ్మకస్థునికి తాళమిచ్చి వారమునకొకసారి అరగంట నడపించుడు. ఇంటిముందు ఐదు నిముషములు ఇంజను ఆడించి ఆపుట చాలదు. ఖాళీ బ్యాటరీని అలాగే వదలినచో లోపలి పలకలపై సీసపు ఉప్పు గట్టిపడి మరల చార్జీ నిలువదు. పెట్టెకు చిల్లి అనగా ఇదే.

టెర్మినల్ మీద తెల్లని, పచ్చని పొడి పేరుకొన్నచో వైర్లు విప్పి, వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, బాగుగా తుడిచి బిగించి, వాసలీను పూయుడు. విప్పునప్పుడు నెగటివ్ మొదట. బిగించునప్పుడు నెగటివ్ చివర. మూతలున్న బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బావి నీరు, కుళాయి నీరు పనికిరాదు. ఆసిడు అసలే పోయరాదు.

ఇంకొక బండినుండి వైర్లు వేయునప్పుడు రెండును 12 వోల్టుల బండ్లేయని చూచుకొనుడు. పెద్ద లారీలో సాధారణముగా 24 వోల్టులుండును. అది కలిపిన ప్రమాదము. ఎఱ్ఱ వైరు ప్లస్సునుండి ప్లస్సునకు. నల్లవైరు మంచి బ్యాటరీ మైనస్సునుండి, చెడిన బండి ఇంజనుకున్న ఇనుముకు, బ్యాటరీకి దూరముగా. తీయునప్పుడు వరుస తిరగవేయుడు. బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వచ్చును గనుక దగ్గర బీడీ, అగ్గిపుల్ల తగదు.

చివరగా, మూడు నాలుగు సంవత్సరములు పనిచేసిన బ్యాటరీని వేసవి రాకముందే ఒకసారి పరీక్ష చేయించుడు. మన ఎండ దాని ఆయుస్సును తగ్గించును. మంచి బ్యాటరీకి మనము దూరము పోనక్కరలేదు. గల్లా రామచంద్రనాయుడు గారు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ మన తాతల సీమలోనే, తిరుపతి దగ్గర కరకంబాడిలో వెలసినది.

మన వ్యానులో ఇప్పుడొక మీటరును, ఒక జత వైర్లను ఉంచినాము. ప్రతి ఆదివారము నిల్వ ఎంతయో డ్రైవరుగారే చూచి పుస్తకములో వ్రాయుచున్నారు. ఆ పేజీలో క్రింద సంతకము వారిది. పైన సంతకము మాది. ఏ రాత్రి ఏ ఇంటినుండి పిలుపు వచ్చినను, ఈ సంవత్సరము మన బండి మొదటి త్రిప్పుకే లేచునని మీకు మాట ఇచ్చుచున్నాము.

 ఉగాది పచ్చడిలో చేదు మొదట నాలుకకు తగిలినను తక్కిన రుచులు వెనుకనే వచ్చును గదా. మాకు దక్కిన చేదు చెప్పుకొన్నాము. తీపి అందరికీ కలుగుగాక. సెలవు.