పాత బల్బు చేసే పని



ఇప్పుడు చాలా ఇళ్లలో ఎల్.ఇ.డి. బల్బులు వెలుగుతున్నాయి. లోపల సన్నని తీగ ఉండే పాత బల్బు కనపడటం తగ్గింది. ఎందుకు తగ్గింది? దానివల్ల ఇబ్బంది పడేది ఎవరు? ఈ రోజు మాటలన్నీ దాని గురించే.

ముందుగా ఒక లెక్క చూడండి. 60 వాట్ల పాత బల్బు 100 గంటలు వెలిగితే 6 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. దాదాపు అంత వెలుగే ఇచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు ఒక్క యూనిట్టు కూడా కాదు. పాత బల్బు తినే కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. వెలుగుగా మారేది కొంచెమే.

అందుకే చాలా దేశాలు దాన్ని పక్కన పెట్టాయి. యూరప్ దేశాల కూటమి 2009 సెప్టెంబరులో 100 వాట్ల బల్బులను ఆపింది. 2010లో 75 వాట్లవి, 2011లో 60 వాట్లవి, 2012లో 40, 25 వాట్లవి ఆగిపోయాయి. భారతదేశంలో 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలైంది. దాని కింద 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులను తక్కువ ధరకు ఇచ్చారు. కరెంటు ఖర్చు తగ్గింది. ఇది మంచిదే.

కానీ ఒక చిక్కు వచ్చింది. రేడియోలు, టీవీలు బాగుచేసేవాళ్లు, సరదాగా ఇంట్లోనే ఆంప్లిఫయర్లు తయారుచేసుకునే కుర్రాళ్లు పాత బల్బును వెలుగు కోసం కాదు, వేరే పనికి వాడతారు.

రిపేరు షాపులో బల్ల మీద ఒక చెక్క ఉంటుంది. దానికి ఒక హోల్డరు, ఒక సాకెట్టు బిగించి ఉంటాయి. హోల్డరులో 100 వాట్ల బల్బు ఉంటుంది. దీన్ని సీరీస్ బోర్డు అంటారు. పని నేర్చుకునే కుర్రాడు అడుగుతాడు:

"మేస్త్రీ, టీవీని నేరుగా ప్లగ్గులో పెట్టొచ్చుగా? మధ్యలో ఈ బల్బెందుకు?"

"ఒరే, లోపల షార్టుంటే నేరుగా పెట్టగానే టప్పున పోద్ది. మనం కొత్తగా వేసిన సామాను కూడా మాడిపోద్ది. బల్బు గుండా పోతే ఆ బాధ లేదు. బల్బు నిండుగా వెలిగిందనుకో, లోపల షార్టున్నట్టు. ఒకసారి మెరిసి మందగించిందనుకో, చాలావరకు బాగున్నట్టే."

అదెట్లా జరుగుతుంది? కరెంటుకు తగిలే అడ్డును ఓంలలో కొలుస్తారు. 100 వాట్ల బల్బులోని తీగ చల్లగా ఉన్నప్పుడు అడ్డు సుమారు 40 ఓంలు. నిండుగా వెలిగితే సుమారు 530 ఓంలు. అంటే కరెంటు ఎక్కువైతే తీగ వేడెక్కుతుంది. వేడెక్కిన తీగ కరెంటును తానే అడ్డుకుంటుంది.

ఈ గుణాన్ని పెద్ద ఇంజనీర్లూ వాడుకున్నారు. అమెరికాలో బిల్ హ్యూలెట్, డేవిడ్ ప్యాకార్డ్ అనే ఇద్దరు స్నేహితులు 1939లో ఒక కంపెనీ పెట్టారు. కారు పెట్టుకునే చిన్న షెడ్డులో పని మొదలుపెట్టారు. వాళ్ల తొలి పరికరం రకరకాల శబ్ద సంకేతాలు పుట్టించేది. ఆ సంకేతం హెచ్చుతగ్గులు కాకుండా చూసింది ఒక చిన్న బల్బే!

ఎల్.ఇ.డి. బల్బు ఈ పని చేయలేదు. దానిలో తీగ లేదు, చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంది. సీరీస్ బోర్డులో పెడితే సరిగా వెలగదు, మిణుకుమిణుకుమంటుంది. షార్టుందో లేదో దాన్ని చూసి చెప్పలేరు.

మరి ఏం చేయాలి? ఈ పని చేసేవాళ్లు పాత బల్బులు నాలుగైదు దాచుకోవడం మంచిది. బల్బు మీద వాట్ల అంకె ఉంటుంది. చదివి చూసుకోవాలి. చిన్న రేడియోకు 40, టీవీకి 100, పెద్ద ఆంప్లిఫయరుకు 200 వాట్ల బల్బు సరిపోతుంది. పాత బల్బు దొరక్కపోతే తీగ ఉండే హాలోజన్ బల్బును కూడా వాడవచ్చు.

ఒక్క మాట మాత్రం మరవకండి. సీరీస్ బల్బు సామానును కాపాడుతుంది. మనిషిని కాపాడదు. బల్బు వెలగకపోయినా లోపల చెయ్యి పెడితే షాకు కొడుతుంది, ప్రాణం పోవచ్చు. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. అది పోయిందని మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

ఇంట్లో ఎల్.ఇ.డి. బల్బు వెలగనివ్వండి. అటక మీద పాత బల్బు ఉంటే మాత్రం పారేయకండి. ఊళ్లో రేడియో బాగుచేసే కుర్రాడికి ఇవ్వండి. అతనికి అది అవసరం.