పందికొక్కు ఇంగ్లీషులోకి ఎలా వెళ్లింది? 'బ్యాండికూట్' మాట కథ

ఇవాళ ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి మాట్లాడుకుందాం. బ్యాండికూట్. గేమ్స్ ఆడేవాళ్లకి వెంటనే వెలిగి ఉంటుంది... క్రాష్ బ్యాండికూట్! నారింజ రంగు ఒళ్లు, నీలం ప్యాంటు, గిర్రున తిరుగుతూ పెట్టెలు పగలగొట్టే క్యారెక్టర్. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు కూడా ఈ మాటని రోజూ వాడరు. కానీ దీని పుట్టిల్లు ఎక్కడో తెలుసా? మన పొలం గట్టు.

పందికొక్కు. అవునండీ, అదే. తెలుగు 'పందికొక్కు'నే ఇంగ్లీషువాళ్లు బ్యాండికూట్ చేశారు. ఇది వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డ్ కాదు. భారతీయ భాషల నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటలతో 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు 'హాబ్సన్ జాబ్సన్' అనే నిఘంటువు తెచ్చారు. అందులోనూ ఈ మాట తెలుగుదనే ఉంది.

మరి 'ప' ఎందుకు 'బ' అయింది? నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని ఇంగ్లీషువాళ్లు పలికినట్టు 'పెన్' అనండి. చేతికి గాలి తగులుతుంది. ఇప్పుడు మామూలుగా 'పంది' అనండి. గాలి తగలదు. ఆ గాలి లేని 'ప' ఇంగ్లీషు చెవికి 'బ'లా వినిపించడం మామూలే. ఇక్కడా అదే జరిగి ఉండొచ్చు.

అసలు మనవాళ్లు దానికి ఆ పేరెందుకు పెట్టారు? కొక్కు అంటే ఎలుక జాతి. కానీ ఇది చిన్న చిట్టెలుక కాదు, పెద్ద రకం కిలో దాకా తూగుతుంది. ఎదురు తిరిగితే పందిలా గుర్రుమంటుంది. అందుకే పందికొక్కు. రైతుకి ఇది ఆషామాషీ జంతువు కాదు. గట్లు తవ్వేస్తుంది, వరి కంకులు కొరికి బొరియలో దాచుకుంటుంది. యానాదులు పొలాల్లో ఎలుకలు పట్టి, బొరియ తవ్వి ఆ ధాన్యం బయటికి తీసేవాళ్లు. ఇప్పటికీ మనం 'పందికొక్కుల్లా మేశారు' అని ఎవర్ని అంటామో చెప్పక్కర్లేదు కదా!

సైన్సువాళ్లు కూడా ఈ పేరు వదల్లేదు. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే జంతు శాస్త్రవేత్త ఈ ఎలుకల ప్రజాతికి 'బ్యాండికోటా' అని పేరు పెట్టాడు. అంటే ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామంలో మన పల్లెటూరి మాట కూర్చుంది.

ఇక్కడి నుంచి కథ సముద్రం దాటుతుంది. 1788లో బ్రిటిష్ వాళ్లు ఆస్ట్రేలియాలో వలస పెట్టారు. అక్కడ పొడుగు ముక్కుతో నేల తవ్వుకునే ఒక జంతువు కనిపించింది. చూడ్డానికి పెద్ద ఎలుకలా ఉంది. ఇండియా నుంచి తెచ్చుకున్న మాట దాని మీద వేసేశారు. నిజానికి వాటికీ మన పందికొక్కుకీ చుట్టరికమే లేదు. అది కంగారూలా సంచి ఉన్న జంతువు. తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా ఆ సంచి వెనక్కి తెరుచుకుని ఉంటుంది. ఎంత బాగుంది కదా!

అక్కడ ఈ మాట క్రియ కూడా అయింది. ఆస్ట్రేలియా యాసలో బ్యాండికూట్ చెయ్యడం అంటే, బంగాళాదుంప మొక్క పైన ఎక్కడిదక్కడే ఉంచి, కింద దుంపలు మాత్రం కాజెయ్యడం. దొంగతనం జరిగినట్టు కూడా తెలీదు! ఇంకో విచిత్రం. అక్కడ ఒక రకానికి పంది గిట్టల్లాంటి కాళ్లుండేవని 'పిగ్ ఫుటెడ్ బ్యాండికూట్' అన్నారు. అంటే 'పందికాళ్ల పందికొక్కు'. పేరులో పంది రెండుసార్లు వచ్చిందని ఆ పేరు పెట్టినవాళ్లకి తెలిసి ఉంటుందా?

ఆ జంతువు ఇప్పుడు లేదు. 20వ శతాబ్దంలో అంతరించిపోయింది. బయట నుంచి తెచ్చిన నక్కలు, పిల్లులు ఆస్ట్రేలియా బ్యాండికూట్లని బాగా దెబ్బతీశాయి. ఇంకో రకం, ఒంటి మీద చారలుండే ఈస్టర్న్ బార్డ్ బ్యాండికూట్, విక్టోరియా రాష్ట్రంలో సహజ ఆవాసాల్లో లేనట్టే అయిపోయింది. దశాబ్దాల పాటు కాపాడి పెంచితే, 2021లో ఆ జాబితా నుంచి బయటపడింది. చూడండి, ఇక్కడ పందికొక్కుని ఎలా వదిలించుకోవాలా అని చూస్తాం. అక్కడ అదే పేరున్న జంతువుని ఎలా మిగుల్చుకోవాలా అని చూస్తున్నారు.

1996లో క్రాష్ గేమ్ వచ్చింది. దాంతో ఈ మాట ఆస్ట్రేలియా ఎక్కడుందో తెలీని పిల్లల నోట్లోకి కూడా వెళ్లిపోయింది.

ఇక అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించిన అర్థం. 2015లో కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు, వాళ్లని కాపాడబోయిన ఒక ఆటో డ్రైవర్ ఊపిరాడక చనిపోయారు. అప్పటికే 2013లో చట్టం వచ్చింది, అయినా మనుషుల్ని దించుతూనే ఉన్నారు. ఆ తర్వాత కేరళలో జెన్‌రోబోటిక్స్ అనే కంపెనీ పెట్టిన కుర్రాళ్లు మ్యాన్‌హోల్ శుభ్రం చేసే రోబోని తయారుచేశారు. 2018లో తిరువనంతపురంలో పనిలోకి దింపారు. దాని పేరు? బ్యాండికూట్!

మన దగ్గర తిట్టు, ఆస్ట్రేలియాలో కాపాడుకునే ప్రాణి, గేమ్‌లో హీరో, ఇప్పుడు మనిషికి బదులు గోతిలోకి దిగే యంత్రం. మాటకి పుట్టుకతో గౌరవం, అగౌరవం ఉండవండీ. దాంతో మనం ఏం పని చేయిస్తామో అదే దాని అర్థం అవుతుంది. పేరుకి కొత్త అర్థం వచ్చింది, సంతోషం. కానీ మీ వీధిలో మ్యాన్‌హోల్ మూత తెరిచినప్పుడు లోపలికి దిగేది యంత్రమా, మనిషా? ఈసారి ఒక్కసారి ఆగి చూడండి. మనిషే అయితే ఊరుకోకండి, అడగండి.

మీ ఊళ్లో పందికొక్కుని ఇంకేమైనా పేరుతో పిలుస్తారా? కింద రాయండి. మళ్లీ ఇంకో మాటతో కలుద్దాం. ఉంటాను.