నోటిమాట, కాగితం
(వనపర్తి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలనే చూడండి. 2013లో సర్వేకు అనుమతి ఇచ్చినప్పుడు నీరు తీసుకునే చోటు గద్వాల దగ్గరి జూరాల. 2015లో అది శ్రీశైలం జలాశయానికి, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ వైపుకు మారింది. చోటు మారితే సర్వే, లెవెళ్లు, అంచనాలు మళ్లీ మొదటికి వస్తాయి. మార్పు తప్పని నేననను. దానికయ్యే ఖర్చు, కాలం పైవారికి ముందే చెప్పామా అన్నదే ప్రశ్న.

నా సంగతి చెబుతాను. ఒక కాలువ పనిలో పైఅధికారి తనిఖీకి వచ్చి, "తూము వంద అడుగులు కిందికి జరపండి, గడువు మాత్రం మారదు" అన్నారు. "సరే సార్" అన్నాను. జరిపాము. ఆయన బదిలీపై వెళ్లారు. కొత్తగా వచ్చినవారు "ఎవరి ఉత్తర్వు?" అన్నారు. నా దగ్గర కాగితం లేదు. సంజాయిషీ నాది. ఇంక్రిమెంటు ఆగింది. ఆ ఏడు పిల్లవాడి కాలేజీ ఫీజుకు మా ఇంటావిడ గాజులు తాకట్టుకు వెళ్లాయి.

ఆనాటినుంచి మార్పు చెప్పిన సాయంత్రమే ఒక పేజీ రాసేవాణ్ణి: ఏమి మారింది, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు, దానికోసం ఏ పని ఆపాలి. "తమరి ఆదేశం ప్రకారం" అని మొదలుపెట్టి సంతకానికి పంపేవాణ్ణి. కొన్ని మార్పులు ఆ సంతకం దగ్గరే ఆగిపోయేవి. మొదట విసుక్కున్నవారే తరువాత ఆ పేజీ అడిగి తెప్పించుకునేవారు.

ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకు నేను చెప్పేది ఇదే. పెద్దలకు కాదనకండి, లెక్క చెప్పండి.

సెలవు.